వివరం లేని గుర్తు

మొన్న ఏలూరులో ఒక కాంట్రాక్టరు కరచాలనం చేస్తూ, బొటనవేలితో నా వేలి కణుపును అదిమి, చెయ్యి వదలకుండా నా ముఖంలోకి చూశాడు. పొరపాటున తగిలిన వేలు కాదది. జవాబు కోరుతున్న ఒత్తిడి. "ఎందుకు నొక్కుతున్నారండీ?" అని పదిమందిలో పైకే అడిగాను. అతడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అలా పైకి అడగడం నాకు నేర్పినవారు సమూయేలు గారు.

ఆయన డ్రైనేజీ శాఖలో నా తొలి అధికారి. తాడేపల్లిగూడెంలో మేమిద్దరం ఒకే క్రైస్తవ సంఘంలో సభ్యులం. కొల్లేరులోకి దిగే కాలువల పటాలు గీసి ముందు పెడితే, ఆయన మొదట కాలువను చూసేవారు కారు. మూలన గుర్తుల వివరణ ఉందో లేదో చూసేవారు. ఒకసారి నేను, ఎత్తులు కొలవడానికి ఆధారమైన చోటును చూపే త్రిభుజానికి అర్థం రాయడం మరిచాను.

"ఇదేంటయ్యా, బెంచిమార్కా, బజ్జీల బండా?"

"బెంచిమార్కేనండీ. అందరికీ తెలిసిందే కదండీ."

"నీకు తెలుసు. రేపు గట్టు తెగినప్పుడు ఈ పటం పట్టుకుని పరుగెత్తేవాడికి తెలియాలి."

ఒక గాలివానకు మా మందిరం పైకప్పు లేచిపోయింది. కలిదిండి వైపు చేపల చెరువులున్న ఒక పెద్దమనిషి, మా సంఘస్థుడే, శ్లాబు మొత్తం తానే వేయిస్తానన్నాడు. అయితే ఒక షరతు. తాను చేరిన, కరచాలనంలో వేలి నొక్కుతో ఒకరినొకరు గుర్తుపట్టే రహస్య సోదర సంఘం చిహ్నం, అంటే మూలమట్టం, కంపాసు, వాటిపైన ఒంటికన్ను, చెక్కిన శిలాఫలకం మందిరం గోడకు పెట్టాలి. సోదరులు వచ్చి తమ క్రతువుతో దాన్ని ప్రతిష్ఠిస్తారు. వానాకాలం ముంచుకొస్తోంది. సంఘపు కూటంలో చాలా తలలు ఊగాయి.

"ఆ గుర్తులకు అర్థం చెప్పండి, వింటాం," అన్నారు సమూయేలు గారు.

"బయటివాళ్ళకు చెప్పకూడదండీ. ఒకసారి సోదరులు కూడే మా లాడ్జికి రండి, మీకే తెలుస్తుంది."

"లాడ్జికెందుకండీ, మా ఇంట్లో మంచాలున్నాయి!" అంది స్త్రీల వైపునుంచి సమూయేలు గారి భార్య. అందరూ నవ్వారు. సమూయేలు గారు మాత్రం నవ్వలేదు.

"ఎందుకు చెప్పకూడదండీ?"

"ప్రమాణం చేశామండీ."

"ఆ రహస్యమేమిటో తెలియకముందే చేశారా?"

పెద్దమనిషి ఔనన్నట్టు తలూపాడు.

"మా ఆఫీసులో ప్రమాణం అంటే కొలతండీ. పటం చూడకుండా కొలత రాసి సంతకం పెడితే ఉద్యోగం ఊడుతుంది. మీరు కళ్ళకు గంతలతో దేవుడి పేరిట సంతకం పెట్టొచ్చారు. కంపాసు నాకు అన్నం పెట్టిందండీ, దానిమీద నాకు కోపం లేదు. దండం మాత్రం పెట్టను. క్రీస్తు కొండమీద, సరస్సు ఒడ్డున, నలుగురిలో బోధించాడు. మీరు దేవుణ్ణి శిల్పి అంటారు, కన్ను అంటారు. యేసు పేరెత్తితే మాత్రం సోదరులు నొచ్చుకుంటారు. ఆ పేరు పలకలేని రాయి ఈ గోడకు వద్దు."

శ్లాబు చేజారింది. ఆ పెద్దమనిషి చెడ్డవాడు కాదు, ఎందరినో చదివించాడు. సమూయేలు గారి అభ్యంతరం మనుషులమీద కాదు, పనిముట్టుమీద అసలే కాదు. గోడ నిటారుగా ఉందో లేదో చెప్పే వస్తువుకు చీకటిగదిలో మరో అర్థం తొడిగి, ఆ అర్థాన్ని ఒట్టుతో బిగించి, చివరికి దాన్ని బలిపీఠం పక్కన నిలబెట్టడం మీద. దాతృత్వం దానికి పరిహారం కాదని ఆయన వాదన. నేటికీ నాకు అందులో దోషం కనిపించలేదు.

ఆ వానాకాలమంతా గొడుగుల కింద ఆరాధించాం. "సమూయేలు గారూ, మీ విశ్వాసం కారుతోందండీ," అన్నాడొకడు వెటకారంగా.

"కారనివ్వండి. ఏం కారుతోందో అందరికీ కనబడుతోంది కదా!"

ఆయన ఇప్పుడు లేరు. వివరం చెప్పని గుర్తుకు తలవంచకపోవడం ఆయన నాలో మిగిల్చిన మొండితనం. దాన్ని వదులుకునే ఉద్దేశం నాకు లేదు. మందిరానికి తర్వాత మేమే రేకులు వేసుకున్నాం. గట్టి వాన పడితే ప్రసంగం వినబడదు. పాస్టరు గారు ఆపేసి పాట ఎత్తుకుంటారు. రోడ్డుమీద తడుస్తున్నవాళ్ళు, ఏ మతంవాళ్ళయినా, లోపలికొచ్చి నిలబడతారు. వాళ్ళేం అడిగినా చెబుతాం. మా దగ్గర దాచిందేమీ లేదు.