రివర్స్ గేరులో అంగారకుడి మీద

ఇశ్రాయేలు హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్లు బార్కస్ నుంచి అఫ్జల్‌గంజ్‌కు సిటీ బస్సు నడిపాడు. తోపుడుబండ్ల మధ్య నుంచి, హఠాత్తుగా అడ్డం తిరిగే ఆటోల పక్క నుంచి బండి తీయడం అతనికి అన్నం కలుపుకున్నంత తేలిక. 2008లో కంటి పరీక్ష చేసిన డాక్టరు చూపు డ్రైవింగుకు చాలదని రాశాడు. ఆ మరునాటి నుంచి అతని పని డిపో గ్యారేజీలో టైర్లకు గాలి చూడడం.

అక్కడే ఒక రోజు పేపర్లో ఆ వార్త చూశాడు. అంగారక గ్రహం మీద ఆరు చక్రాల చిన్న బండి ఒకటి ఉందట. మూడు నెలలు తిరిగితే చాలని పంపితే నాలుగున్నరేళ్లుగా తిరుగుతోందట. ఇప్పుడు ఇరవై రెండు కిలోమీటర్ల వెడల్పున్న పెద్ద గుంత వైపు బయలుదేరిందట.

ఇంటికి వెళ్లగానే డిగ్రీ చదివే కూతురు స్వరూపను అడిగాడు.

"ఎవరన్న గుంతను తప్పిచ్చుకొని పోతరు గానీ, గుంత కోసం పోతరా బిడ్డా?"

"లోపలి రాళ్లు అంచు మీదికి తేలుంటయి డాడీ. అవి చూసెటందుకు."

"నడిపేటోడు ఎవరు?"

"బండిల ఎవరుండరు. నిన్నటి ఫోటోలు చూసి, రేపు ఎట్ల పోవాల్నో అమెరికా నుంచి రాసి పంపుతరు."

ఇశ్రాయేలుకు మతి పోయింది. చార్మినార్ దగ్గర నిమిషం కిందటి రోడ్డు ఇప్పుడుండదు. నిన్నటి ఫోటో చూసి బండి నడపడమేమిటి?

అప్పటి నుంచి స్వరూప వారానికోసారి నెట్ సెంటర్‌లో చూసి వచ్చి, ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడు తండ్రికి చెప్పేది. ఒక వారం అరవై మీటర్లు. ఒక వారం అసలు కదల్లేదు. ఒకసారి గుంత ఆగ్నేయాన ఉంటే బండి పడమటికి పోయింది. ఇసుక తిన్నెల్లో దిగబడకుండా చుట్టూ తిరిగి పోతోందని స్వరూప అంది. అరవై మీటర్లంటే బస్టాపు కూడా దాటదని ఇశ్రాయేలు నసిగాడు. అయినా వచ్చే ఆదివారం మళ్లీ అడిగాడు.

ఒక ఆదివారం స్వరూప చెప్పిన మాట అతన్ని మరీ తికమక పెట్టింది. ముందు కుడి చక్రం మొరాయిస్తోందట, అందుకని బండిని రివర్స్‌లో నడిపిస్తున్నారట. మర్నాడు మెకానిక్ రామ్‌చందర్‌ను అడిగాడు.

"గ్రీజు ఒక్క దిక్కే పోయుంటది అన్నా. ఎన్కకు తిప్పితే మల్ల సర్దుకుంటదేమో" అన్నాడు రామ్‌చందర్.

"గట్ల కిలోమీటర్లకు కిలోమీటర్లు రివర్స్‌ల పోతరా?"

"నాకేం ఎర్క? నువ్వే చూడు."

రామ్‌చందర్ ఊరికే అన్నాడు. ఇశ్రాయేలు మాత్రం మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు, వర్క్‌షాపు ముందున్న బస్సు ఎక్కి స్టార్ట్ చేశాడు. డిపో ఆవరణంతా రివర్స్‌లో ఒక చుట్టు తిప్పాడు. ఎక్కడా తగలనివ్వలేదు. ఇంజన్ ఆపి దిగేసరికి ఎదురుగా మేనేజరు నిలబడి ఉన్నాడు.

"ఏంది ఇశ్రాయేలు ఇది? నీకు స్టీరింగ్ ముట్టే పర్మిషన్ లేదని తెల్వదా?"

"తెలుసు సార్."

"మరి ఎందుకు తిప్పినవ్?"

అంగారకుడి మీది బండి గురించి చెప్పబోయి సగంలో ఆగిపోయాడు. తన నోటి నుంచి వస్తున్న మాట తనకే వింతగా ఉంది. రాతపూర్వకంగా జవాబు ఇమ్మన్నాడు మేనేజరు.

ఆ సాయంత్రం అతను చెబుతుంటే స్వరూప రాసింది. "చెడిన చక్రంతో వెనక్కి ఎంత దూరం పోవచ్చో తెలుసుకుందామని నడిపాను. నేను నడిపిన బస్సు చక్రాలు మంచివే. కాబట్టి నాకేమీ తెలియలేదు. తప్పు నాదే."

భార్య లీలమ్మ విని తల పట్టుకుంది. "గట్ల రాస్తే పిచ్చోడనుకుంటరయ్యా!"

"ఉన్నదే రాపిచ్చిన" అన్నాడతను.

మేనేజరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఇంకోసారి ముట్టుకుంటే ఊరుకోనని చెప్పి పంపేశాడు. ఆ రోజు నుంచి బస్సు తాళాలు ఆఫీసులోకి మారాయి.

2011 ఆగస్టులో బండి గుంత అంచుకు చేరింది. స్వరూప తెచ్చిన ఫోటోలో అవతలి గట్టు కొండల్లా మసక మసకగా కనిపించింది.

"ఇగ లోపటికి దిగుతదా?"

"ఇప్పట్ల దిగదట డాడీ. అంచు మీద్నే ఉండి రాళ్లు చూస్తదట."

"మూడేండ్లు పోయింది ఒడ్డున నిలబడెటందుకా?"

సంతోషించాలో, మోసపోయాననుకోవాలో అతనికి తెలియలేదు. అయినా మర్నాడు గ్యారేజీలో అడుగు పెడుతూనే కేకేశాడు. "రామ్‌చందర్, చేరింది!"

"మస్తు! మరి ఎప్పుడు వాపసొస్తది?"

 ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఇశ్రాయేలుకు తట్టనే లేదు. వెంటనే కూతురికి ఫోన్ చేశాడు.

"రాదు డాడీ. అది గక్కడ్నే ఉంటది."

"మరి డ్యూటీ అయినంక ఎక్కడ పెడతరు?"

"ఎక్కడ ఆగిపోతే గక్కడ్నే."

 "సరే, వచ్చే వారం ఎంత నడిచిందో చూసి చెప్పు" అని ఇశ్రాయేలు ఫోన్ పెట్టేశాడు.