చాదర్ అనుకున్న బట్ట

పక్క వాటాలో ఉండే ముసలామెను మా వీధంతా బూబమ్మ అనే పిలుస్తుంది. చిన్నప్పుడు నేర్పారు గనుక ఖురాన్ మొత్తం తడుముకోకుండా చదవగలదు. ఒక్క ముక్కకు అర్థం చెప్పమంటే మాత్రం, "అర్థం అల్లాకి తెలుసు, నాకెందుకే?" అంటుంది. మా అమ్మది దీనికి తలకిందులు. కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసి, వాళ్ళ పిల్లను పెంచి వచ్చింది. అరబ్బీ వింటే తెలుస్తుందేమోగానీ అక్షరం ఒక్కటీ రాదు. ఆ మాటకొస్తే తెలుగు అక్షరమూ రాదు. తెలుస్తుందేమో అని ఎందుకంటున్నానంటే, వచ్చినప్పటి నుంచీ ఆమె నోట ఒక్క అరబ్బీ మాట నేను విన్నది లేదు.

నరసరావుపేటలో మూతబడిన పత్తి జిన్నింగు మిల్లు షెడ్డులో అరబ్బు దేశాల చిత్రకారుల ప్రదర్శన పెట్టారని, ఊరివాళ్ళతో మాటామంతీ కలపడమే వాళ్ళ ఉద్దేశమని మా స్కూలుకు పిలుపొచ్చింది. నేను అక్కడ తెలుగు చెబుతాను. "ఊరక రారు మహాత్ములు" అని స్టాఫ్ రూములో నవ్వుకున్నాం. పత్తి రేటు, మిరప రేటు తప్ప మరో సంగతి మీద మాటామంతీ జరగని ఊళ్ళో వీళ్ళకేం దొరుకుతుందని నేనూ ఒక విసురు విసిరాను. నా నోటి దురుసు ఊరందరికీ తెలిసిందే.

ఆ సంగతి ఇంట్లో చెప్పడమే నేను చేసిన పొరపాటు. గోడ అవతలి నుంచి బూబమ్మ వినేసింది.

"అరబ్బు దేశపోళ్ళు మన పేటకొచ్చినారా? నన్ను తీసుకుపోవే నా తల్లీ. హజ్‌కి ఎట్టాగూ పోలేను. ఆ గడ్డ మీద పుట్టినోళ్ళ మొహమన్నా చూస్తా" అంది.

ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి. నడవాలంటే ఆ పక్కొకరు ఈ పక్కొకరు పట్టుకోవాలి. అమ్మను రమ్మన్నాను. "నేను రాను. నాకేం పని ఆడ?" అంది. కువైట్ మాటెత్తితే చాలు, వీధిలో ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒంటరి ఆడది అక్కడ ఎట్లా బతికిందో అని వాళ్ళ అనుమానం. అందుకని అమ్మ ఆ దేశం పేరే ఎత్తదు. చివరికి బూబమ్మ గడ్డం పట్టుకుని బతిమాలితే కాదనలేక బయల్దేరింది.

మా ఇద్దరి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పిడుగురాళ్ల క్వారీలో రాయి మీద పడి నాన్న పోయేనాటికి నేను పలక పట్టుకు తిరిగే పిల్లను. అమ్మ నన్ను అమ్మమ్మ దగ్గర వదిలి విమానం ఎక్కింది. తిరిగొచ్చేసరికి నేను ఓణీ వదిలి చీర కట్టాను. ఈ మధ్యలో మా అమ్మంటే ఫోనులో మూడు మాటలు. బాగున్నావా, అన్నం తిన్నావా, అమ్మమ్మకియ్యి. అంతే. వచ్చాక ఒకే ఇంట్లో ఉంటున్నాం. పోట్లాడుకోం. పోట్లాడుకోవాలన్నా కాస్త చనువుండాలి కదా. అక్కడ ఇంకొకరి బిడ్డను ఎత్తుకుని తిరిగినప్పుడు నేను ఆమెకు గుర్తొచ్చానా లేదా అన్నదొక్కటే నాకు కావాలి. ఈ ప్రశ్న ఇన్నేళ్ళుగా గొంతులోనే ఉంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడగలేదు, ఆమె పెట్టలేదు.

షెడ్డులో గోడలకు ఫోటోలు వేలాడదీశారు. అన్నీ వంటిళ్ళే, మనుషులు లేని వంటిళ్ళు. మధ్యలో నేల మీద ఒక పొడవాటి తెల్లబట్ట పరిచారు. దాని నిండా నల్లటి అరబ్బీ అక్షరాలు. అంచుల వెంట కుంచెలు, సిరా గిన్నెలు. చుట్టూ కూర్చుని చూడండి, రాయండి అని వాళ్ళ ఆలోచన. అది మా పల్నాటి జనానికి ఎవరు చెప్పాలి? తెల్లబట్ట, అరబ్బీ రాత, పైగా నేల మీద పరిచి ఉంది. ఇంకేముంది, దర్గాలో సమాధి మీద కప్పే చాదరే అనుకున్నారు. హిందువులూ ముస్లిములూ తేడా లేదు, అందరూ చెప్పులు గుమ్మం బయటే వదిలారు. ఆడవాళ్ళు తల మీదికి కొంగు లాక్కున్నారు. మేం వెళ్ళేసరికే బట్ట మీద మల్లెపూలు, పటికబెల్లం ముక్కలు పడి ఉన్నాయి. కారంపూడి నుంచి వచ్చిన ఒకావిడ చంటిపిల్లను బట్ట అంచున పడుకోబెట్టి, జ్వరం తగ్గాలని మొక్కుకుంటోంది.

ఆ బట్ట మీద రాసిన చిత్రకారిణి స్తంభం పక్కన నిలబడి ఉంది. యాభై ఏళ్ళుంటాయేమో. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఏదో చెప్పబోయింది గానీ ఆమె మాటలు తెలుగులో చెప్పే హైదరాబాదు అమ్మాయి గేటు దగ్గర కాలేజీ పిల్లలతో ఉండిపోయింది.

బూబమ్మను బట్ట దగ్గర కూర్చోబెట్టాం. ఆమె అంచును కళ్ళకద్దుకుని కళ్ళజోడు సవరించుకుంది. "జేరు, జబరు అన్నీ పెట్టినారు, చదవొచ్చు" అంది. అవి అక్షరాల పైనా కిందా పెట్టే గుర్తులు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం పెడతారు. బూబమ్మ రాగం తీస్తూ మొదటి వరుస చదివింది. షెడ్డంతా సద్దుమణిగింది. మగవాళ్ళు చేతులు కట్టుకున్నారు. నేను కూడా, ఏ నమ్మకమూ లేనిదాన్ని, తల వంచుకున్నాను.

అప్పుడు మా అమ్మ నవ్వింది. గట్టిగా కాదు, కానీ అందరికీ వినపడింది.

బూబమ్మ మొహం నల్లబడింది. "ఏందే! ఖుదా మాటకి నవ్వుతావా?" అంది. వెనక నుంచి ఎవరో మగమనిషి, "ఎవరామె? బయటికి పంపండి" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పదిమందిలోకి తీసుకొస్తే ఇదా ఈమె చేసే పని అని ఒళ్ళు మండింది.

"దేవుడి మాట కాదు బూబమ్మా" అంది అమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ఉల్లిపాయలు అయిపోయినయ్యి, వచ్చేటప్పుడు తీసుకురా అని ఉంది."

బూబమ్మ బట్ట వంకా అమ్మ వంకా చూసింది. నమ్మలేదు. రెండో వరుస చదివింది, ఈసారి రాగం లేకుండా. "సక్కరిల్ బాబ్."

"ఇదైతే చక్కెరే. తబర్రుక్ సంగతి అయ్యుంటది" అంది బూబమ్మ. తబర్రుక్ అంటే దర్గాలో పంచే ప్రసాదం.

"చక్కెర కాదు. తలుపెయ్యి అని."

"అల్ ఖుబ్జ్ బరద్."

"రొట్టె చల్లారిపోయింది అని."

ఆమె చదువుతూ పోయింది, ఈమె చెబుతూ పోయింది. కాళ్ళు కడుక్కుని రా. ఎండలో తిరగమాక. మీ నాన్న వచ్చినాడా? నిలబడ్డ ఆడవాళ్ళు ఒక్కొక్కరే బట్ట చుట్టూ చతికిలబడ్డారు. "ఇయ్యన్నీ మా అత్త మాటలే" అని ఒకామె అంటే నలుగురూ నవ్వారు. చిత్రకారిణి వచ్చి అమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అరబ్బీలో గబగబా ఏదో అడిగింది. అమ్మ జవాబు చెప్పింది.

ఆ గొంతు నాకు తెలియదు. ఇంట్లో ఆమె మాటలు కూరలో ఉప్పు వేసినట్టు చిటికెడు చిటికెడు. ఇక్కడ చేతులు తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేస్తూ, అడ్డొచ్చి మరీ మాట్లాడుతోంది. నాకు సంతోషం కలగలేదు. అసూయ కలిగింది. ఇంత నవ్వే మనిషి అక్కడెక్కడో ఎవరింట్లోనో తిరిగింది, నా దాకా వచ్చేసరికి అయిపోయింది.

కాసేపటికి అమ్మ మా వైపు తిరిగింది. మొహంలో నవ్వు లేదు. "ఈమె ఇల్లు యుద్ధంలో పోయిందంట. వాళ్ళమ్మ కూడా పోయింది. ఇయ్యన్నీ ఆ ఇంట్లో వాళ్ళమ్మ రోజూ అనే మాటలంట. ఇంకెవరూ అనరుగా, అందుకని రాసిపెట్టుకుంది. మనల్ని కూడా రాయమంటంది. మన ఇంట్లో అప్పుడెప్పుడో అన్న మాట, ఇప్పుడు అనేవాళ్ళు లేని మాట ఒకటి."

ఎవరో బట్ట మీది పూలు తీసెయ్యబోయారు. చిత్రకారిణి వద్దని వాళ్ళ చెయ్యి పట్టుకుంది. ఒకామె, "అయితే చెప్పులేసుకోవచ్చా?" అని అడిగింది. "వద్దు" అంది బూబమ్మ. "చచ్చిపోయిన అమ్మ మాటలంటగా. అట్టాగే ఉండనియ్యి." ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

ఇంక చివరి వరుస ఒక్కటే మిగిలింది. "నామీ యా బింతీ" అని చదివింది బూబమ్మ.

అమ్మ బట్ట అంచున పడ్డ మడత సర్దుతోంది. వినపడలేదేమో అని బూబమ్మ మళ్ళీ చదివింది.

"ఏమిటది?" అన్నాను నేను.

"ఏంలేదు."

"ఏంలేకుండా ఎందుకు రాస్తుంది?"

అమ్మ బట్ట వంక చూస్తూనే చెప్పింది. "నిద్రపో తల్లీ అని. ఆ ఇంట్లో పిల్లకి నేను రోజూ చెప్పేదాన్ని. నేను చెప్పందే నిద్రపోయేది కాదు."

ఇన్నేళ్ళ ప్రశ్న అప్పుడు బయటికొచ్చింది. అంతమంది మధ్య, ఇంటి గుట్టు నలుగురిలో పెట్టకూడదని పిల్లలకు చెప్పే పంతులమ్మనే. "మరి నాకెవరు చెప్పారు?" అన్నాను.

"నీకే చెప్పేదాన్ని" అంది అమ్మ. "దాన్ని జోకొడతా కళ్ళు మూసుకునేదాన్ని. నువ్వే అనుకుని చెప్పేదాన్ని."

"అనుకుంటే నాకు వినపడిందా?"

"లేదు. అంత దూరం యాడ వినపడుద్ది" అంది.

నా కోసమే వెళ్ళానంటుందని, నిన్ను చదివించింది ఆ డబ్బే కదా అంటుందని ఎదురుచూశాను. ఆ మాటలంటే తిప్పి కొట్టడానికి నా దగ్గర చానా ఉన్నాయి. ఆమె ఏదీ అనలేదు. లేదు అని ఒప్పుకుని ఊరుకుంది. నాకు ఏడుపొచ్చింది. పక్కనున్న కుంచె తీసి ఆమె నా చేతిలో పెట్టింది.

"నాకు రాయటం రాదుగా. నువ్వు రాయి."

"ఏమని?"

"అదే. తెలుగులో."

రోజూ బోర్డు మీద గుండ్రంగా రాసేదాన్ని, ఆ రెండు మాటలూ వంకరపోయాయి. ల ఒత్తు పక్కకు జారింది. నిద్రపో తల్లీ అని రాశాను. చదవమంది అమ్మ. చదివాను. సరిగ్గానే ఉందన్నట్టు తలాడించి, నా మోకాలి మీద చెయ్యి వేసింది. తీసెయ్యలేదు. నేనూ జరగలేదు.

అప్పటికి హైదరాబాదు అమ్మాయి గేటు దగ్గర నుంచి వచ్చింది. ఎవరేం రాశారో చిత్రకారిణికి చెప్పడం ఆమె పని. నా దగ్గర వంగి చదివి, "మస్తుంది అక్కా. మీ ఇంట్ల ఈ మాట ఎవరనేటోళ్ళు?" అని అడిగింది.

"మా అమ్మ."

"ఎప్పుడు, చిన్నప్పుడా?"

"కాదు" అన్నాను. "ఇందాకే."