చూరులోంచి దించిన గ్లాసు

ఆ రోజు చెవిటికల్లులో కోటమ్మగారి వంటింట్లో పొగరాని పొయ్యి వేస్తున్నాను. మట్టి, ఇటుకపొడి, ఊక కలిపి గొట్టం చుట్టూ మెత్తుతుంటే దగ్గొచ్చింది. ఆ దగ్గు చాన్నాళ్ళుగా ఉన్నదే. ఎండలో, దుమ్ములో ఊళ్ళు తిరిగేదానికి దగ్గు కాక ఏమొస్తుందిలే అని ఊరుకునేదాన్ని. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గాను. తీసి చూస్తే కొంగుమీద ఎర్రగా ఉంది. ఇటుకపొడి అనుకుని దులిపాను. రాలలేదు. వేలితో రుద్దితే వేలికి అంటింది.

"ఏందమ్మా అట్టా చూస్తన్నావు?" అంది కోటమ్మగారు.

"ఏం లేదండీ, ఇటుకపొడి" అన్నాను. నోరు ఎలాగో ఆ మాట అనేసింది గాని, ధ్యాస మాత్రం పనిమీద నిలవలేదు. ఆ పొయ్యి వంకరగా వచ్చింది. ఇప్పటికీ అలాగే ఉంది.

నేను నందిగామ బ్లాకులో గ్రామసేవికను. పేరు శాంతమ్మ. బాలింతలకూ పిల్లలకూ ఏం పెట్టాలో చెప్పడం, కుట్టుపని నేర్పడం, ఆడవాళ్ళను మహిళామండలిగా ఒకచోట కూర్చోబెట్టడం నా పని. పుట్టింది జగ్గయ్యపేటలో, అంటరానివాళ్ళ పల్లెలో, క్రైస్తవ కుటుంబంలో. మా ఆయన దేవదానం నందిగామలో బడిపంతులు. మాకో ఆడపిల్ల, విమల. అప్పటికి దానికి మాటలు వస్తున్నాయి. నాకు పుట్టుకతోనే భయం ఎక్కువ. అది కప్పిపుచ్చుకోవడానికే కాబోలు, నోరు పెద్దది.

ఈ కథ అర్థం కావాలంటే ఒక గ్లాసు గురించి చెప్పాలి. చెవిటికల్లులో ఏ ఇంటికెళ్ళినా మాలాంటివాళ్ళ కోసం చూరులో ఒక గ్లాసు దోపి ఉండేది. మనమే తీసుకోవాలి, వాళ్ళు పైనుంచి పోస్తే తాగాలి, కడిగి మళ్ళీ అక్కడే దోపాలి. మొదటి ఏడాదంతా కోటమ్మగారింట్లో నేను ఆ గ్లాసుతోనే తాగాను. ఆవిడ పెద్ద సేద్యం ఉన్న మనిషి. భర్త దగ్గుతో తీసుకుని తీసుకుని పోయాక పొలం, ఇల్లు తనే చూసుకునేది. ఆవిడ కోడలు రమణమ్మకి తొలికాన్పు కష్టమైతే, మంత్రసానితోపాటు నేనూ రోజంతా ఆ గదిలోనే ఉన్నాను. తల్లీ పిల్లాడూ గట్టెక్కారు. చేతులు కడుక్కుని బయటికొచ్చి అలవాటుగా చూరులోకి చెయ్యి పెట్టాను. కోటమ్మగారు నా చేతిలోంచి ఆ గ్లాసు లాక్కుని పెంటమీద విసిరేసింది. లోపలికెళ్ళి కంచుగ్లాసు నిండా మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చింది. నేను ఏడుస్తూ తాగాను. ఆవిడ చేసిందని మిగతా ఇళ్ళవాళ్ళూ చేశారు. ఆ తరవాతే ఆ ఊరి అంటరానివాళ్ళ పల్లె ఆడవాళ్ళు కూడా వచ్చి ఆవిడ అరుగుమీద కూర్చున్నారు. మా మహిళామండలి పుట్టింది ఆ మజ్జిగతోనే.

సరే, నా దగ్గు సంగతి. నందిగామలో మిక్స్చరు తాగాను, ఎంత తాగినా లాభం లేకపోయింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. రవికలు వదులైపోయాయి. మా ఆయన ఒకరోజు బడికి సెలవు పెట్టి, నేను గొణుగుతున్నా వినకుండా బస్సెక్కించి బెజవాడ తీసుకెళ్ళాడు.

అక్కడ స్క్రీనింగ్ చేశారు. ఎక్స్‌రే తీశారు. కళ్ళె పరీక్షకిచ్చి మళ్ళీ రమ్మన్నారు. రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరుగారు ఫిల్ము వెలుతురుకి ఎత్తిపట్టి, "రైట్ అప్పర్ లోబ్‌లో షాడో ఉంది. స్పూటం పాజిటివ్, అంటే కళ్ళెలో క్రిములున్నాయి. టీబీ అన్నమాట. ఊపిరితిత్తిలో గుంట, కేవిటీ ఏం లేదు, భయపడకమ్మా" అన్నారు. భయపడకమ్మా అని డాక్టరు అన్నాక భయపడకుండా ఎవరుంటారు? నాకు తరవాతి మాటలు సగమే వినిపించాయి. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, పాస్, ఐ.ఎన్.హెచ్. అని మింగే మందులు. బాగా తినాలి. రెస్టు తీసుకోవాలి. పిల్లను దూరంగా పెట్టాలి.

"గ్లాసూ పళ్ళెమూ వేరుగా పెట్టుకో" అన్నారు చివర.

ఆ ఒక్క మాటా పూర్తిగా వినిపించింది. బస్సులో మా ఆయన భుజంమీద తల పెట్టి, "గ్లాసు వేరంటండీ" అన్నాను. ఆయనకి అర్థమైంది. కంచికచర్ల దాటేదాకా నా చెయ్యి వదల్లేదు.

జగ్గయ్యపేట నుంచి మా అమ్మ వచ్చి విమలను తీసుకెళ్ళింది. ముద్దు పెట్టుకోకూడదు, దగ్గరకి తీసుకోకూడదు. నేను గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. "అమ్మ దాగుడుమూతలాడుతోంది" అని నవ్వింది పిల్ల. బస్సు కదిలాక ఆట కాదని తెలిసి ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు ఇంకా నా చెవిలో ఉంది.

మా ముఖ్యసేవికగారు, అంటే మా పైన ఉండే ఆవిడ, స్వయంగా ఇంటికొచ్చారు. "నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు శాంతమ్మా. సెలవు నేను చూసుకుంటా. జబ్బు పేరు మాత్రం బయట పెట్టకు. ఊళ్ళో తెలిస్తే గడప తొక్కనివ్వరు" అన్నారు. నా మంచికోరే అన్నారు.

ఇంజెక్షన్లు మొదలయ్యాక జ్వరం తగ్గింది. హమ్మయ్య అనుకునేలోపు తల తిరగడం మొదలైంది. చెవుల్లో హోరు. పెరట్లోకి వెళ్ళాలంటే గోడ పట్టుకుని నడవాలి. ఇంక ఇంతే, అయిపోయాను అనుకున్నాను. డాక్టరుగారు, "అది స్ట్రెప్టోమైసిన్ చేసే పనే. డోసు తగ్గిద్దాం. మానడం మాత్రం కుదరదు" అన్నారు. పాస్ మందు మింగితే కడుపులో దేవేది. మా ఆయన పక్కన కూర్చుని, "మింగు, నీ నోటికి పని ఇదొక్కటే ఇప్పుడు" అని వేళాకోళం చేసేవాడు. తిట్టి మింగేదాన్ని.

కళ్ళె నెగటివ్ వచ్చింది. మందులు వాడుతూనే మెల్లగా పనిలోకి వెళ్ళొచ్చన్నారు. గ్లాసు మాత్రం ఇంకొన్నాళ్ళు వేరే. సంచిలో నా గ్లాసు వేసుకుని చెవిటికల్లు వెళ్ళాను.

కోటమ్మగారు కంచుగ్లాసుతో మజ్జిగ తెచ్చింది. "దాహంగా లేదండీ" అన్నాను. కాలవగట్టున ఎండలో నడిచొచ్చినదాన్ని, నాలుక పిడచగట్టుకుపోతోంది. ఆవిడ గ్లాసు వెనక్కి తీసుకెళ్ళింది. మరోసారి వెళ్ళినప్పుడు ఇక ఆగలేక సంచిలోంచి గ్లాసు తీసి బావి దగ్గర నీళ్ళు తాగుతుంటే చూసింది.

"ఏం శాంతమ్మా, ఇప్పుడు మా ఇంటి గ్లాసు నీకు మైలయిందా?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

గ్లాసు సంచిలో దాచేసుకున్నాను. తరవాతి మీటింగుకి అరుగుమీద సగంమందే ఉన్నారు. సేవికమ్మకి పొగరొచ్చిందని అనుకుంటున్నారని ఎవరో నా చెవిన వేశారు. అదీ ఓర్చుకునేదాన్నే. కాని ఆ రోజే ఇంటి లోపలనుంచి రమణమ్మ దగ్గు వినపడింది.

ఆ దగ్గు నాకు తెలుసు. తొంగి చూశాను. పిల్లాడికి పాలిస్తూ, తల పక్కకి తిప్పి దగ్గుతోంది. మెడకింద ఎముకలు తేలాయి. సాయంత్రం వేళ, జ్వరంతో కళ్ళు మెరుస్తున్నాయి. "పొడిదగ్గు అక్కా, అదే పోద్ది. అత్తకి చెప్పమాక, పొలం పని రోజులు" అంది.

ఇంటికెలా వచ్చానో తెలియదు. నేను ఆ ఇంట్లో ఎన్నిసార్లు మజ్జిగ తాగాను? ఆ పొయ్యి వేసిన రోజుకి ముందు, జబ్బని తెలియని రోజుల్లో, ఆ కంచుగ్లాసుతోనే కదా! నన్ను లోపలికి రానిచ్చిన మొట్టమొదటి ఇంటికి నేను ఇచ్చింది ఇదా? అన్నం సయించలేదు. మా ఆయనతో చెప్పాను. "చెప్తే నన్ను తరిమేస్తారండీ. ఇంక పల్లెవాళ్ళనీ రానివ్వరు. వీళ్ళని లోపలికి రానిస్తే ఇదే అవుతుందంటారు. చెప్పకపోతే ఆ పిల్ల..."

"చెప్తే రమణమ్మ బతుకుద్ది" అన్నాడాయన. "చెప్పకపోతే ఆ పిల్లా ఉండదు, నువ్వూ ఉండవు. నిన్ను నేనెరగనా?"

"ఉద్యోగం?"

"నేను తెచ్చే జీతంతో గంజి తాగుదాంలే. నీకు గంజి కూడా వేరే గ్లాసులోనేగా" అన్నాడు. అంత భయంలోనూ నవ్వొచ్చింది నాకు.

మర్నాడు వెళ్ళి, కోటమ్మగారిని అరుగుమీద కూర్చోమని, గడప బయట నిలబడే చెప్పాను. "నాకు టీబీ అండి. క్షయ. అందుకే మీ గ్లాసు ముట్టుకోలేదు. జబ్బని తెలియకముందు ముట్టుకున్నా. రమణమ్మకీ అదేనేమోనని నా భయం. బెజవాడ తీసుకెళ్దాం. నావల్లే వచ్చుంటే నన్నేమన్నా అనండి, పడతా. ముందు పిల్లని చూపించండి. నాకు మళ్ళీ చూరులోనే గ్లాసు పెట్టండి."

కోటమ్మగారు లేచి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు దగ్గరికి వేసింది. నేను ఆ చూరు కింద నిలబడ్డాను. లోపల రమణమ్మ ఏడుపు, కోటమ్మగారి గసురు వినపడ్డాయి. కొంతసేపటికి తలుపు తెరుచుకుంది. రమణమ్మ ఉతికిన చీర కట్టుకుని ఉంది. పిల్లాడు కోటమ్మగారి చంకలో ఉన్నాడు.

"బండి కట్టమన్నా. పద, ఆ డాక్టరెక్కడో చూపిద్దువుగాని" అంది. దారంతా పిల్లాణ్ణి గుండెకి అదుముకుని రోడ్డుకేసి చూస్తూ కూర్చుంది. ఆవిడ వాలకం చూసి నా ప్రాణం పోతూనే ఉంది.

డాక్టరుగారు రమణమ్మ ఫిల్మునీ నా ఫిల్మునీ పక్కపక్కన పట్టి చూశారు. "ఈ అమ్మాయిదీ టీబీయే, కాని కొత్తది కాదు. లోపల పాత మచ్చలున్నాయి, కాల్సిఫికేషన్. మీ ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా దగ్గుందా?" అని అడిగారు.

కోటమ్మగారు పిల్లాణ్ణి నా ఒళ్ళో పెట్టేసి బల్లమీద కూలబడింది. "మా ఆయనకండీ. దగ్గీ దగ్గీ పోయాడు" అంది. నావైపు తిరిగింది. ఆవిడ కళ్ళల్లో నేనెప్పుడూ భయం చూడలేదు, ఆ రోజు చూశాను. "అయితే శాంతమ్మా, మేమే నీకంటించామా? ఆ గ్లాసుతో నేనే ఇచ్చానా తల్లీ?"

నేను మోస్తున్న భయమే ఆవిడా దారంతా మోసింది, కాని అటునుంచి. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఎవరినుంచి ఎవరికొచ్చిందో ఎక్స్‌రే చెప్పదమ్మా" అన్నారు డాక్టరుగారు. "గ్లాసు కంటే దగ్గుతోనే ఎక్కువ ప్రమాదం. నోటికి గుడ్డ పెట్టుకోవాలి, ఇల్లు గాలి ఆడాలి. ఇద్దరూ మందు మానకూడదు. పిల్లాణ్ణి కూడా చూస్తాను." పిల్లాడికి ఏమీ లేదన్నారు. కోటమ్మగారు అక్కడే దణ్ణం పెట్టింది. నేను ప్రార్థన చేసుకున్నాను.

ఇక చూరు సంగతి. తరవాత నేను వెళ్ళేసరికి వంటింటి గూట్లో కంచుగ్లాసుల పక్కనే రెండు కొత్త గ్లాసులున్నాయి. "ఒకటి నీది, ఒకటి రమణమ్మది. వేణ్ణీళ్ళలో కాచి పెడతన్నా. చూరు మాటెత్తావంటే నోరు మూయిస్తా. పెంటమీద పారేసిన చేత్తో మళ్ళీ దోపమంటావా?" అంది. అరుగుమీద ఆడవాళ్ళందరి ముందూ నా జబ్బు పేరు ఆవిడే చెప్పింది. ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు, నెలలు గడిచాక ఒకరొకరే వచ్చారు. ఒకావిడ ఇప్పటికీ రాదు. నాకు కడుపులో దేవి, మందు కక్కేసిన వారం కోటమ్మగారు నందిగామ మా ఇంటికే వచ్చి, గుడ్లు, రాగిపిండి దించి, మందు లోపలికి దిగేదాకా నా ఎదురుగా కూర్చుని వెళ్ళింది. నా ఉద్యోగం పోలేదు. మా ముఖ్యసేవికగారు పైవాళ్ళతో ఏం మాట్లాడారో నాకు చెప్పలేదు.

ఇప్పుడు నేనూ ముఖ్యసేవికనే. మందులు పూర్తయి ఏళ్ళు గడిచాయి. రమణమ్మకి ఇంకో బిడ్డ పుట్టాడు. నెలకోసారి సేవికలంతా ఊళ్ళ రిపోర్టులు చదవడానికి వస్తారు. నేను ముందు ఊళ్ళ సంగతి అడగను. "నీ ఒళ్ళెలా ఉంది? మీ ఇంట్లో ఎలా ఉన్నారు?" అని ఒక్కొక్కరినీ అడుగుతాను. బాగానే ఉందండీ అని తప్పించుకునేవాళ్ళని వదలను. దగ్గు తగ్గకపోతే మిక్స్చర్లు మారుస్తూ కూర్చోవద్దు, కళ్ళె పరీక్ష చేయించుకోండి. ఇది చదివేవాళ్ళకీ అదే చెప్తున్నాను. పదిమంది ఇళ్ళు చక్కబెట్టే మనిషి మీ ఎరుకలో ఉంటే, ఆ మనిషి ఇంటికి ఒకసారి మీరు వెళ్ళి ఎలా ఉన్నావని అడగండి. తనంతట తానుగా ఆవిడ చెప్పదు.

విమల మా దగ్గరికి వచ్చేసి బడికి వెళ్తోంది. మొన్న సెలవుల్లో దాన్ని మొదటిసారి చెవిటికల్లు తీసుకెళ్ళాను. బండి దిగుతూనే దాహమంటూ పరిగెత్తింది. చూరు కింద ఆగలేదు, అరుగు దగ్గరా ఆగలేదు. తిన్నగా వంటింట్లోకి దూరి, గూట్లో చేతికందిన గ్లాసు తీసి కుండలో ముంచుకుని గటగటా తాగేసింది. "అది ఎవరి గ్లాసే!" అని అరిచాను.

కోటమ్మగారు వంకర పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదుతోంది. తలైనా ఎత్తలేదు.

"ఎవరిదయితే ఏందే? పిల్లకి దాహమేసింది, తాగింది" అంది.