బానెట్ మీద ఆరు రికార్డులు

1978 మే 14, ఆదివారం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు మధ్యాహ్నం బస్సు. ముందు వైపు ఉన్నవారు: డ్రైవరు, కండక్టరు, నేను, ఒళ్లో మూట పెట్టుకున్న ఒక పెద్దమనిషి.

డైరీలో ఇంతే రాసుకున్నాను. మిగతాది రాయబుద్ధి కాలేదు.

మూటలో ఆరు పాత గ్రామఫోను రికార్డులున్నాయి. ఎప్పుడో యూరప్‌లో ఒక విద్వాంసుడు వాయించిన పియానో అట. మిషను ఆసుపత్రి దొరసాని తన దేశానికి వెళ్లిపోతూ ఇచ్చిందట.

“మా అక్క ఆయమ్మ ఇంట్లో వంట చేసేది. ఇప్పుడు ఆళ్లగడ్డలో మంచం పట్టింది. ఒక్కసారి ఇనాలంటాంది. గ్రామఫోను ఆడ అడిగిపెట్టినా,” అన్నాడాయన.

జనం ఎక్కి మీద పడుతున్నారు. రికార్డులు పగులుతాయని నాకు భయం వేసింది.

“డ్రైవరు పక్కన బానెట్ మీద పెట్టప్పా. ఆడైతే ఎవరూ తగలరు,” అన్నాను.

పెట్టాడు. ఆళ్లగడ్డలో దిగేటప్పుడు మూట చెయ్యి కాలేంత వేడిగా ఉంది. కింద ఇంజను ఉందన్న ఆలోచనే నాకు రాలేదు. రికార్డుల అంచులు అప్పడాల్లా వంగిపోయాయి. ఆయన మూట మళ్లీ కట్టుకుని దిగిపోయాడు.

మరునాడు ఉదయం తిరుగు బస్సు దగ్గర అదే మూటతో మళ్లీ కనిపించాడు. ఏమయిందని అడిగాను.

“పలికినాయిలేప్పా. పాట వణుకుతా వచ్చింది. మా అక్క కండ్లు మూసుకోని ఇని, ‘పాపం, ఈయన గూడా ముసలోడైపాయనే’ అనింది.”

బస్సెక్కగానే కండక్టరు మూటను బానెట్ మీద పెట్టమన్నాడు. ఆయన నా వైపు చూడకుండా, “ఒళ్లోనే ఉండనీలేప్పా,” అన్నాడు.