చక్రాలు లేని మిషనుకి నిమ్మకాయ

ఆ రోజుల్లో నాకు డిప్లొమా ఉండేది, మోటారుసైకిలు ఉండేది, ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం ఉండేది. లేనిదల్లా పర్మినెంటు ఉద్యోగం. బంటింగ్ ఊరి అవతల ఒక షూటింగ్ క్లబ్బు సామాన్ల గదిలో నన్ను పరీక్ష మీద పెట్టుకున్నారు. ఆ గదికి పెద్ద, అందరూ తుపాకీ మావ అని పిలిచే ఆయన (ఆయన గొంతు ఒకసారి వింటే ఆ పేరెందుకో అడగనక్కర్లేదు). పేల్చిన తూటాల ఇత్తడి గొట్టాలు ఏరి, మసి వదిలించి, మూతి అంచులు నునుపు చేసి ఇస్తే, లైసెన్సున్న మావ వాటిని మళ్ళీ నింపేవాడు. చేత్తో తోమీ తోమీ మా వేళ్ళు నల్లబడ్డాక, కరెంటు మిషను కొనమని కమిటీ దయతలచింది.

"నువ్వే ఎంచరా, సదువుకున్నావు గదా. మంచిది తెచ్చినావా, నీ ఉద్యోగం కాయం లా. సెడ్డది తెచ్చినావా, మీ యమ్మకి నేనే సెప్తాను" అన్నాడు మావ, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలిస్తూ.

నేను రాసిన జాబితాలోంచి మూతులు చెక్కే మోటారును మావే కొట్టేశాడు, తనకు పది వేళ్ళూ అవసరమని. చివరికి రెండు మిగిలాయి: ఉక్కు సూదులూ సబ్బునీళ్ళూ పోసి తిప్పే పీపా ఒకటి, మొక్కజొన్న కండెల పొట్టులో గొట్టాలను వణికించే గిన్నె ఒకటి. రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి అమ్మ ముందు పెడితే, "తడిపితే ఆరబెట్టాల గదరా. ఈ వానల్లో మన బట్టలే ఆరనేదు. పొడిదే కొను" అంది. కమిటీకి ఇదే సంగతిని "స్థానిక తేమ పరిస్థితుల దృష్ట్యా" అని రాసి ఇచ్చాను. మెచ్చుకున్నారు.

గిన్నె వచ్చిన రోజు అమ్మ ఒక పొట్లం ఇచ్చింది: కుంకుమ, నిమ్మకాయ. "కొత్త మిషనుకి బొట్టెట్టకండా మీట నొక్కీకు." బొట్టు పెట్టాను. నిమ్మకాయ కోసి, చెక్కలకు కుంకుమ అద్దాను. బండికైతే చక్రాల కింద పెట్టి తొక్కిస్తాం. దీనికి చక్రాలు లేవు. నలిగే చోటు ఎక్కడుందా అని ఆలోచించి (ఆలోచించడమే నా దురలవాటు), గొట్టాల మధ్య, పొట్టులో పెట్టి, మూత వేసి, దణ్ణం పెట్టి మీట నొక్కాను.

మిషను తన పని తాను శ్రద్ధగా చేసింది. మూత తీసేసరికి పులిహోర వాసన వచ్చింది. పొట్టంతా ఎర్రటి ముద్ద. మావ ఒక గొట్టాన్ని వెలుతురులో పట్టుకు చూశాడు.

"ఏటిరా ఇది?"

"బొట్టు, మావా."

"తూటాకా?"

"మిషనుకి."

"మరి తూటాలెందుకు పెల్లికూతుర్లాగున్నాయి?"

నేను చెప్పేలోపే మావ అన్నంత పనీ చేశాడు, అమ్మకు ఫోను కొట్టాడు. ఆవిడ చింతపండు ముద్దతో దిగి, బొట్టు పెట్టమన్నది తనేనని ఒప్పుకుని, గొట్టాలు తోముతూనే అడిగింది: "తమ్ముడూ, మావోడి ఉద్యోగం?"

మావ కూడా ఒక గొట్టం అందుకుని తోమసాగాడు. "మిషను బాగానే ఎంచినాడక్కా. ఎంచడానికే గదా పెట్టుకున్నది. ఉద్యోగం కాయమే. నిమ్మకాయ మాత్రం ఇకమీద నాకియ్యాల, ఐసు టీలో ఏసుకుంటాను లా."

ఇప్పుడు ఆ గదికి పెద్దను నేను. కొత్త మిషను వస్తే ఇప్పటికీ బొట్టు పెడతాను, ప్లగ్గు పీకి, దాని కాలికి. ఆనక నిమ్మకాయ పిండిన ఐసు టీ ఒకటి మావ కూర్చునే కుర్చీ ముందు పెడతాను. రిటైరైనా దాని కోసమే వస్తాడాయన. గ్లాసు ఎత్తుతూ, "సక్రాలు దొరికినాయిరా?" అంటాడు. వెతుకుతున్నానంటాను.