ఇంటిల్లిపాదీ ఎక్కితేనే వచ్చిన చప్పుడు

2024 ఫిబ్రవరి 13, మంగళవారం సాయంత్రం. శాలిబండ, ఖలీల్ షెడ్డు. హాజరు: నేను, వెల్డర్ ఖలీల్, బండి యజమాని నర్సింగ్, ఆయన భార్య సుగుణ.

ఒక బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు గేర్‌బాక్సుల పని చేశాను. ఏ బండి ముట్టుకున్నా ముందు తేదీ, ఆ తర్వాత దగ్గరున్నవాళ్ల పేర్లు డైరీలో రాయడం అక్కడే అలవాటైంది. రేపు ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలో తెలియాలి కదా. రిటైరయ్యాక ఖలీల్ షెడ్డులో అప్పుడప్పుడు ఒక పని ఒప్పుకుంటున్నాను.

నర్సింగ్‌ది పాల వ్యాపారం. వాళ్ల నాన్న కొన్న పాత అంబాసిడర్‌లో మూడో గేరు వేస్తే నిలవడం లేదు. ఆ నాలుగు గేర్ల బాక్స్‌కు సామాను దొరకదు. అందుకని తుక్కుకు పోయిన కొత్తరకం బండి నుంచి ఐదు గేర్ల బాక్స్ తెచ్చాడు. పాత ఇంజనుకూ దానికీ బోల్టు రంధ్రాలు కలవవు కాబట్టి మధ్యలో అడాప్టర్ ప్లేట్, అంటే మందపాటి ఇనుప పలక, చేయించాం. కొత్త బాక్స్ కాస్త పొడుగు. దాని తిరుగుడును వెనక ఇరుసుకు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను ఆ మేరకు కోసి పొట్టి చేయాలి. ఆ కొలత నేనే తీశాను. ఒకటికి మూడుసార్లు తీశాను.

ఆదివారం పని ముగిసింది. బుధవారం పొద్దున్నే నర్సింగ్ ఇంటిల్లిపాదీ మనవడి పుట్టువెంట్రుకలకు శ్రీశైలం వెళ్లాలి. దారంతా ఘాట్ రోడ్డు. ఆదివారం చాంద్రాయణగుట్ట దాకా నడిపి చూస్తే బండి వెన్నలా సాగింది. సోమవారం నర్సింగ్ ఇంట్లోవాళ్లతో సంతోష్‌నగర్ వెళ్లొచ్చి, వెనక సీటు కింద టకటక అంటోందన్నాడు. నేను నడిపితే లేదు. బోల్టులన్నీ మళ్లీ బిగించాను. గేర్‌బాక్స్ కింది రబ్బరు దిమ్మెలు మార్చాను. అన్నం తింటున్నా చెవులు ఆ టకటక కోసమే వెతికాయి.

మంగళవారం మధ్యాహ్నం వాళ్లు మరోసారి అందరూ తిరిగి చూసి, సాయంత్రం నర్సింగ్, సుగుణ షెడ్డుకు వచ్చారు. చప్పుడు ఉందట.

“నీకు ఇనరానిది మాకెట్ల ఇనొస్తుంది అన్నా? మేమేమన్న పిచ్చోళ్లమా?” అంది సుగుణ.

“నువ్వు ఊకో. చిన్న లొల్లే అన్నా, తాళంచెయ్యి ఇయ్యి. పోయొచ్చినంక చూద్దాం” అన్నాడు నర్సింగ్.

ఖలీల్ నవ్వాడు. “అరే భాయ్, కొత్త కోడలు లెక్క కొత్త గేర్‌బాక్స్. నాలుగు దినాలు గిన్నెలు చప్పుడు చేస్తది, తర్వాత సెట్ అయితది.”

నాకు నవ్వు రాలేదు. డైరీ తిరగేశాను. ఆదివారం, చప్పుడు లేదు. హాజరు: నేను, నర్సింగ్. సోమవారం పొద్దున, చప్పుడు ఉంది. హాజరు: నర్సింగ్, భార్య, కొడుకు, కోడలు, మనవడు. సాయంత్రం లేదు, హాజరు: నేను ఒక్కడినే. మంగళవారం మధ్యాహ్నం ఉంది; మళ్లీ ఐదుగురు.

చెయ్యి ఆ పేజీ మీదే ఆగిపోయింది.

డిపోలో గొయ్యి ఉండేది. బస్సు చక్రాల మీదే నిలబడేది, మేం కింద గోతిలోకి దిగి కొలిచేవాళ్లం. ఖలీల్ షెడ్డులో గొయ్యి లేదు. కారును స్టాండ్ల మీదికి ఎత్తి కొలిచాను. అప్పుడు వెనక ఇరుసు కిందికి వేలాడుతూ ఉంది. మనుషులు ఎక్కితే కమాన్ పట్టీలు, అంటే బరువు మోసే విల్లులాంటి స్ప్రింగులు, చదునై ఇరుసు వెనక్కి జరుగుతుంది. షాఫ్ట్ ముందు కొసకు గేర్‌బాక్స్ లోపల జారే పళ్లుంటాయి. ఇరుసుతో పాటు ఆ పళ్లూ బయటికొస్తాయి. పట్టు తగ్గిన షాఫ్ట్ ఊగి కొట్టుకుంటే ఆ టకటక వెనక సీటు కింద వినిపిస్తుంది.

“తాళంచెయ్యి ఇయ్య” అన్నాను.

“నా బండి అన్నా అది! ముహూర్తం పెట్టుకున్నం!”

“బండి నీదే. తప్పు నాది. ఘాట్ల షాఫ్ట్ ఊడితే నేనేం జెయ్యాలె? వేరే బండి మాట్లాడుకో. పోయేముందు అందరూ ఒక్కసారి ఇక్కడికి రాండ్రి.”

నర్సింగ్ సుగుణను తీసుకుని విసురుగా వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కిరాయి బండిలో వచ్చారు, మొహాలు ముడుచుకుని. నేను అప్పటికే అంబాసిడర్‌ను స్టాండ్ల మీదికి ఎత్తి, షాఫ్ట్ గేర్‌బాక్స్‌లోకి దూరే చోట సుద్దతో గీత గీసి, మళ్లీ నేల మీదికి దించాను. చక్రాలకు ఇటుకలు పెట్టి, గోనెసంచి పరుచుకుని, టార్చ్‌తో కింద దూరాను. ఒక్కొక్కరూ ఎక్కుతుంటే గీత బయటికి జరిగింది. చివరికి సుగుణ మనవడిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గీత వేలి మందాన బయటికొచ్చింది. లోపల పట్టుకుని ఉన్న పళ్లు ఇంకో వేలి మందమే. పెద్ద గుంతలో పడితే అదీ ఉండదు.

నర్సింగ్‌ను పిలిచి చూపించాను. తెల్ల పంచె సంగతి మరిచి నేల మీద పడుకుని చాలాసేపు చూశాడు. లేచి మనవడిని ఎత్తుకున్నాడు.

“నేను చెప్పలే? చప్పుడున్నదని” అంది సుగుణ.

“చెప్పినవమ్మా. నేనే ఇనలే” అన్నాను.

ముప్పై నాలుగేళ్లు నా కొలతలు నిలబడింది నా జాగ్రత్త వల్లనే అనుకునేవాడిని. సగం, బస్సు చక్రాల మీద నిలబడి ఉండటం వల్ల. వాళ్లు కిరాయి బండిలో వెళ్లాక కొత్త షాఫ్ట్ కొలత డైరీలో రాశాను. కింద హాజరు: నేను, నర్సింగ్, సుగుణ, కొడుకు, కోడలు. ఆ కొలతకు రెండేళ్ల మనవడి బరువూ కావాల్సి వచ్చింది కాబట్టి వాడి పేరూ రాశాను.