కౌన్సిలరక్క వేసిన తాళం

కౌన్సిలరక్క పోయిందని ఆమె మరిది ఫోన్ చేసినప్పుడు నేను హోసూరు బస్సులో ఉన్నాను. పొద్దున స్నానం చేసి వచ్చి, తల ఆరబెట్టుకుంటూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. ఆమెను చూసి నవ్విన వాళ్ళే రేపో మాపో సంతాప సభ పెట్టి ఆమె ఫోటో పక్కన నిలబడి మంచి మాటలు చెప్తారు. వాళ్ళు నోరు విప్పకముందే, జరిగింది జరిగినట్టు చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది తమిళనాడులో, హోసూరుకీ కృష్ణగిరికీ నడుమ ఉన్న చిన్న పట్టణం. తాలూకా ఆఫీసు ఎదురుగా నాకో టైపింగ్ అంగడి ఉంది. అక్కది మా వెనక వీధి. కౌన్సిలర్ కాకముందు ఆమె, ఆమె చెల్లెలు మార్కెట్లో గులాబీలు అమ్మేవాళ్ళు. బేరిగై వైపు నుంచి వచ్చే పూలు తెల్లవారకముందే దించుకుని కూర్చుంటే పొద్దుగూకే దాకా లేచేది లేదు. మార్కెట్లో ఆడవాళ్ళకని ఒక మరుగుదొడ్డి కట్టారు కానీ దానికి ఎప్పుడూ తాళమే. మున్సిపాలిటీ వాళ్ళు అందులో తమ పనిముట్లు పెట్టుకునేవారు.

చెల్లెలు నీళ్ళు తాగడం మానేసింది. తాగితే లేవాలి, లేస్తే పోయే చోటు లేదు. మంట, జ్వరం, తగ్గీ తగ్గకముందే మళ్ళీ పూలబుట్ట. చివరికి కృష్ణగిరి ఆసుపత్రిలో మూత్రపిండాలు రెండూ పాడయ్యాయన్నారు. ముప్పై నాలుగేళ్ళకే పోయింది. ఆ ఏడాదే వార్డు ఎన్నికలొచ్చాయి. అక్క ఏ పార్టీ లేకుండా నిలబడింది. పూలమ్మే ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి గెలిపించారు.

ఆమెకు అరవం మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. సభకు ఇచ్చే ప్రశ్నలు నా చేత టైపు చేయించేది. మొదటిసారి నేను అలవాటు కొద్దీ ‘తమరు దయతో’ అని మొదలుపెట్టాను. చదివి వినిపించగానే కాగితం లాక్కుని చించేసింది.

“అడుక్కునేదానికి పోతా ఉండానా నేను? అడిగేదానికి పోతా ఉండాను. ఆ దయా గియా తీసెయ్‌మ్మా.”

అంగడికి వచ్చినప్పుడల్లా ముందు నా నీళ్ళ సీసా చూసేది. “యేమ్మా, నిండుగా అట్లే ఉండాదే? తాగు. తాగి మా ఇంటికి పోయి రా, తలుపు తీసే ఉండాది” అనేది. మా అంగడి కాంప్లెక్సులోనూ ఆడవాళ్ళకు వసతి లేదని ఆమెకు తెలుసు. నేను గుటక వేసేదాకా తన పని చెప్పేది కాదు.

మొదటి సభలో లేచి, మార్కెట్ మరుగుదొడ్డి ఎప్పుడు తెరుస్తారని అడిగింది. చైర్మన్ కళ్ళద్దాలు తీసి, “ఏమమ్మా, సభలో అడిగే మాటనా ఇది? ఇంట్లో ఆడోళ్ళు గుసగుసగా చెప్పుకునేది” అన్నాడు. సభంతా నవ్వింది. రెండో సభలో పరిశీలిస్తున్నామన్నారు. మూడో సభలో ఆమె నోరు తెరవగానే మైకు ఆపేశారు. ఆ సాయంత్రం అంగడికి వచ్చి, మొదటి రోజు నవ్విన వాళ్ళ పేర్లు కుర్చీల వరసన చెప్పి టైపు చేయించుకుంది. పదకొండు పేర్లు.

“దీన్నేం చేస్తావక్కా?”

“యేమీ చెయ్యను. నాకు మతిమరుపు వస్తే సూసుకునేదానికి.”

నాలుగో సభకు నన్ను కూడా రమ్మంది. వెనక బెంచీ మీద కూర్చున్నాను. పదకొండు గంటలకు సభ మొదలైంది. రెండుసార్లు టీ ఇచ్చారు. అక్క ఆ రోజు ఏమీ అడగలేదు. పన్నెండు దాటాక ఒకాయన బయటికి పోయి మొహం మాడ్చుకుని తిరిగొచ్చాడు. ఇంకొకాయన పోయి వచ్చాడు. ఒంటిగంటకు చైర్మనే లేచి వెళ్ళి, గబగబా లోపలికి వచ్చి అరిచాడు.

“బాత్రూములకు బీగం వేసిందెవరు?”

అక్క మెల్లగా లేచింది. నడుములో నుంచి తాళంచెవులు తీసి చూపింది.

“నేనే వేసినాను. నా చెల్లెలు పదేండ్లు ఓర్చుకునింది. మీరు ఒక్క పూట ఓర్చుకోండప్పా.”

ఎవరూ నవ్వలేదు. తాళాలు పగలగొట్టమని చైర్మన్ కేకలేశాడు. తలుపు దగ్గరున్న మున్సిపాలిటీ మేస్త్రీ చేతులు కట్టుకుని, “సుత్తి స్టోరులో ఉండాది సార్” అన్నాడు.

“పోయి తీసుకురా!”

“స్టోరు అంటే... మార్కెట్‌లో ఆడోళ్ళ కక్కసే కదా సార్.”

నేను నవ్వు ఆపుకోలేక నోరు మూసుకుని బెంచీ మీద వంగిపోయాను. అక్క మాత్రం నవ్వలేదు. “దాన్ని తెరిపించండి. సామాన్లన్నీ బయటేసి, కడిగి, నీళ్ళొస్తా ఉండాయని మా పూలోళ్ళు నాకు ఫోన్ చెయ్యల్ల. అప్పుడు ఇస్తాను” అని కూర్చుంది. ఫోన్ రావడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో పదకొండు మొహాలనూ ఒక్కొక్కటే చూసింది. నేనూ చూశాను. అంత తృప్తిగా మనుషుల మొహాలు నేనెప్పుడూ చూడలేదు.

దానికి ఆమెను రెండు సభలకు రానివ్వలేదు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టారు. కానీ మార్కెట్ తలుపుకు మళ్ళీ తాళం పడలేదు. తర్వాత ప్రతి సభలోనూ ఆమె మొదటి ప్రశ్న ఒకటే: “ఈ దినం ఆడ నీళ్ళొస్తా ఉండాయా?” చైర్మన్ లేచి జవాబు చెప్పాల్సిందే. నాలుగేళ్ళు చెప్పించింది.

పోయినేడు రాయకోటలో ఒక పెళ్ళిలో చైర్మన్ ఎదురొచ్చి చేతులు జోడించాడు. “ఇంకా కోపమేనాక్కా? నవ్వింది తప్పే. మన్నించు.” అక్క విస్తరి ముందు నుంచి లేవలేదు.

“మన్నించాల్సింది నా చెల్లెలప్పా. అది లేదు. నేను యాడ మన్నిస్తును?”

చావుతో కోపాలు పోవాలని మా ఇంట్లోనే నాకు చెప్పారు. నాకు పోలేదు. నా సీసా వంక చూసి కసిరే మనిషి లేకుండా పోయిన దుఃఖమూ, ఆ పదకొండు మంది మీద పగా నాలో ఇప్పుడు కలిసే ఉన్నాయి. విడదీయాలని నాకూ లేదు.

మర్నాడు ఎండ ముదిరాక అక్కను వాకిట్లోకి తెచ్చారు. పూలమ్మే ఆడవాళ్ళు చుట్టూ ఒత్తుగా కూర్చున్నారు. వీధి చివర కారు ఆగింది. చైర్మన్ రెండు చేతులా పట్టేంత పెద్ద సంపంగి దండతో వచ్చాడు. ఒక్కరూ జరగలేదు. పొమ్మనీ అనలేదు. చివరన కూర్చున్న నన్ను చూసి, “కొంచెం దారి ఇయ్‌మ్మా” అన్నాడు. నేను ఆయన మొహంలోకి చూస్తూ అట్లాగే కూర్చున్నాను.

పాడె లేచింది. ఆడవాళ్ళంతా దాని చుట్టూ గోడలా నడిచారు. మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. వీధిలో ఇంకెవరూ లేరు. ఆయన ఒక్కడే నడిఎండలో, ఎక్కడ పెట్టాలో తెలియని దండను చేతులమీద మోస్తూ నిలబడి ఉన్నాడు.